కూర్చోమని చెప్పలేదు

జైలు ఆసుపత్రి వార్డులో ఎనిమిది మంచాలు. తలుపు దగ్గర నా బల్ల, దాని మీద ఫోను. ఇరవై ఆరేళ్ళుగా జైలు వార్డరుని, ఆఖరి నాలుగేళ్ళూ ఈ వార్డులోనే. మోకాళ్ళ నొప్పులవాళ్ళకీ, ఊపిరాడనివాళ్ళకీ కాపలా ఏమిటి, పిల్లల్ని జోకొట్టే ఉద్యోగం కాకపోతే, అని మా ఆవిడ వేళాకోళం. కానీ నా గొంతంటే మాత్రం జైలంతా హడల్. "లేచి నిలబడు!" అని నేనంటే గోడ మీద బల్లి కూడా నిలబడుతుందని మా కాంపౌండరు అనేవాడు.

మూలనున్న ఆరో మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. అందరం తాత అనేవాళ్ళం. డెబ్భై తొమ్మిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా లోపలే ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో మొదలైన కాన్సరు వెన్ను దాకా పాకింది. ఐదు నెలలుగా కాలు కింద పెట్టలేదు. స్కానింగుకి బయటి ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే. ఖైదీ గేటు దాటాలంటే, నడవలేనివాడైనా సరే, వెంట వార్డరు ఉండాల్సిందే. చక్రాల కుర్చీలో కూర్చుని కూడా నా మణికట్టు వదిలేవాడు కాదు.

"నువ్వు రాకపోతే నన్నెవరు బయటికి పోనిస్తారయ్యా?" అని బోసినోటితో నవ్వేవాడు.

ఆయన చేసింది చిన్న నేరం కాదు. తగాదాలో సొంత తమ్ముణ్ణి గడ్డపారతో కొట్టి చంపాడు. అందుకే ఆయన విడుదల అర్జీ గురించి వార్డులో ఎప్పుడూ వాదనే.

"ఇంకెన్నాళ్ళుంటాడు, మహా అయితే రెండు నెలలు. ఇంటికెళ్ళి ప్రాణం విడవనీండి పాపం," అనేది డాక్టరమ్మ.

"చచ్చినవాడికి ఎవరిచ్చారు మేడం రెండు నెలలు?" అనేవాడు కాంపౌండరు.

నేను ఎటూ మాట్లాడేవాణ్ణి కాదు. నెలకోసారి వార్డుకి వచ్చి చూసి వెళ్ళే తాత కూతురు, రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి, నాన్న ఏమైనా తిన్నాడా అని అడిగేది. ఒకరోజు ఉండబట్టలేక నేనే అడిగాను.

"మీ పిన్ని ఏమంటుందమ్మా? పోయింది ఆవిడ మొగుడు కదా?"

"అర్జీ మీద మొదటి సంతకం పిన్నిదే సార్. చావడానికైనా ఇంటికి రానీ అంది. గుమ్మం దగ్గర కుర్చీ వేసి ఉంచాం. వీధి చూస్తూ కూర్చోవడం నాన్నకి ఇష్టం."

ఆ రోజు నుంచి నేను కూడా మనసులో తాత పక్షానే చేరిపోయాను. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది.

విడుదల కమిటీ ఒక పొద్దున్నే వచ్చింది. వాళ్ళు చూడాల్సింది ఒక్కటే, మనిషి మంచం పట్టాడా లేదా అని. ముగ్గురు అధికారులు గడప దాటి లోపలికి అడుగుపెట్టారు. ఇరవై ఆరేళ్ళ అలవాటు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"లేచి నిలబడు!"

ఆరో మంచం కిర్రుమంది.

తాత లేచాడు. రెండు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని, కాళ్ళు గజగజ వణుకుతుండగా, గడ్డం పైకెత్తి, చూపు ఎదురుగోడ మీద నిలిపి... నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళుగా మేం నేర్పిన చదువు అది. పెద్ద అధికారి ఆయన్ని ఓసారి చూసి, ఫైల్లో ఒకే ఒక్క వాక్యం రాశాడు. ఖైదీ స్వయంగా నిలబడగలడు.

"నేను అరిచాను కాబట్టి లేచాడు సార్, లేకపోతే లేవలేడు" అని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదు. వాళ్ళ వెనకే గేటు దాకా వెళ్ళి సెల్యూట్ కొట్టి, అక్కడే ఒక టీ తాగి, ముప్పావుగంటకి వార్డుకి వచ్చాను. తాత నేల మీద పడి ఉన్నాడు. కాంపౌండరు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కూర్చో తాతా అని అందరం మొత్తుకున్నాం," అన్నాడు. "సారు కూర్చోమని చెప్పలేదు అంటాడే తప్ప వినడు. పడిపోయేదాకా అలాగే నిలబడ్డాడు."

తుంటి ఎముక విరిగింది. పదకొండో రోజు పోయాడు. కూతురికి ఫోన్ చేసి చెప్పింది నేనే. అవతల ఏడుపు లేదు. "కుర్చీ తీసెయ్యమంటారా సార్?" అని మాత్రం అడిగింది. మర్నాటి నుంచి నా గొంతు పోయింది. బొంగురుగా, ఎవరిదో గొంతులా తయారైంది. గొంతులో ఏ జబ్బూ లేదంది డాక్టరమ్మ.

ఆరో మంచం ఖాళీగానే ఉంచారు. పరుపు చుట్టి పెట్టారు. కానీ సాయంత్రం ఆరింటికి తలలు లెక్కపెట్టడానికి నేను లేచేసరికి, ఆ మూల నుంచి తాత నొప్పులకి రాసుకునే మందు వాసన గుప్పున వచ్చేది. తర్వాత... కిర్రు.

మంచం పాతది, తుప్పు పట్టింది అని సర్దిచెప్పుకున్నాను. ఒక సాయంత్రం మూడో మంచం మీది కిడ్నీ రోగి నా చొక్కా పట్టుకు లాగాడు.

"సార్... అక్కడెవరు?" గుసగుసగా అడిగాడు.

"ఎవరూ లేరు. పడుకో."

"కాళ్ళు వణుకుతున్నాయి సార్... పాపం."

ఆ మూలకి చూడకుండానే లెక్క ముగించాను.

నెలన్నర తర్వాత కమిటీ మళ్ళీ వచ్చింది, ఈసారి ఆ కిడ్నీ రోగి కోసం. ముందే గట్టిగా అనుకున్నాను, నోరు విప్పకూడదని. పళ్ళతో పెదవి కొరికిపట్టి తలుపు పక్కన నిలబడ్డాను. పదకొండున్నర. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. అధికారి లోపలికి వచ్చాడు, కొత్తాయన. ఎవరూ అరవలేదు. ఎవరూ లేవలేదు. హమ్మయ్య అనుకున్నాను.

కిర్రు.

అధికారి ఆగాడు. మూలకి చూశాడు.

"ఆ పెద్దాయన ఎందుకలా నిలబడ్డాడు?" అన్నాడు. "కూర్చోమనండి, పడిపోయేలా ఉన్నాడు."

కాంపౌండరు చేతిలో ట్రే కింద పడింది. నేను చూడలేదు. చూడలేను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"కూర్చో తాతా," అన్నాను. "ఇంక చాలు... ఇంటికెళ్ళి కూర్చో."

తర్వాత నేల మీద పాదాలు ఈడ్చుకుంటున్న చప్పుడు. ఒకటి... ఇంకొకటి... నా వైపే. మందు వాసన ముక్కుకి దగ్గరైంది. నా ముందు ఆగింది. చల్లటి వేళ్ళు నా మణికట్టు పట్టుకున్నాయి. ఒక్కసారి లాగాయి. ఒంట్లోంచి ఏదో జారిపోయినట్టు తేలిగ్గా అయిపోయాను. కళ్ళు తెరిస్తే అధికారి మూడో మంచం దగ్గర కాగితాలు చూసుకుంటున్నాడు. ఆరో మంచం ఖాళీగా ఉంది. నేను నిలబడ్డచోటే ఉన్నాను, అంగుళం కదల్లేదు.

ఆ రోజంతా మనసు హాయిగా ఉంది. వెళ్ళిపోయాడు, నేనే పంపించాను అనుకున్నాను. మణికట్టు మాత్రం ఎంత రుద్దినా వెచ్చబడలేదు.

సాయంత్రం ఐదింటికి ఫోన్ మోగింది. తాత పోయాక ఆ వేళకి ఎప్పుడూ మోగలేదు. ఎత్తాను. కూతురే. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"సార్... వార్డరు గారు ఇవాళ డ్యూటీకి రాలేదా?"

నా మారిన గొంతు ఆమె పోల్చుకోలేదు.

"ఎందుకమ్మా?"

"మధ్యాహ్నం నుంచి మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాన్న కుర్చీ పక్కన. లోపలికి రమ్మంటే రారు. మాట్లాడరు. చెయ్యి ముందుకి చాపి ఉంది, దాన్నెవరో పట్టుకున్నట్టు..." ఆమె ఊపిరి బరువుగా వినిపిస్తోంది. "కూర్చోండి సార్ అని ఎన్నిసార్లు చెప్పానో. వినడం లేదు. ఆ కాళ్ళు చూస్తే భయమేస్తోంది... ఎంత వణుకుతున్నాయో. ఆయన ఎవరు చెబితే కూర్చుంటారు సార్?"

నేను జవాబు చెబుదామని కుర్చీలోంచి లేవబోయాను.

కాళ్ళు లేవలేదు.