మత్తు డాక్టరు వాచీ

“మత్తు గ్యాస్ పీలిస్తే కంటికి రక్తం ఆగిపోతుందట కదా?”

మత్తు డాక్టరు ఇంకా కుర్చీలో కుదురుగా కూర్చోనైనా లేదు, తల్లి అడిగేసింది. పక్కన కొడుకు తల వంచుకున్నాడు. వాచీలు బాగుచేసే అతనికి కళ్ళే అన్నం. కుడికంటి లోపల సన్నటి పొర పెరిగి, వాచీ ముళ్ళు వంకరగా కనిపిస్తున్నాయి. కంటి దగ్గరికి చెయ్యొస్తే చాలు ఉలిక్కిపడే మనిషి కాబట్టి పూర్తి మత్తిచ్చి ఆపరేషన్ చేస్తామన్నారు.

“ఎవరు చెప్పారండీ?” అంటూ నవ్వింది డాక్టరమ్మాయి.

“ఒకరు చెప్పాలా? నాకే అనిపించింది.”

“గ్యాస్‌తో బీపీ కాస్త తగ్గుతుంది, నిజమే. కంట్లో ఒత్తిడీ తగ్గుతుంది. ఆ ఒత్తిడి కంటే బీపీ బాగా పైన ఉన్నంతసేపూ కంటికి రక్తం అందుతుంది. అది మరీ జారిపోకుండా కాపలా కాయడమే నా ఉద్యోగం.”

“కునుకు పడితేనో?”

“అమ్మా, మత్తు నాకిస్తారు. మేడమ్‌కు కాదు,” అన్నాడు కొడుకు.

డాక్టరు పకపకా నవ్వింది. అంతలో అతను తుమ్మాడు. ఒకటి కాదు, నాలుగు. జలుబు మీద మత్తు వద్దని ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేశారు.

ఆ రెండు వారాల్లో డాక్టరమ్మాయి అతని వాచీల షాపుకు ఐదుసార్లు వచ్చింది.

“వాచీ రెండు నిమిషాలు స్లో అండీ.”

“నిన్నే సరిచేశాను కదండీ.”

“మీరు చేశారు. అది వినలేదు.”

“తప్పు వాచీదా, చేతిదా?”

“మీరే తేల్చండి. రేపు మళ్ళీ వస్తా.”

లోపల కూర్చున్న తల్లికి దిగులు పట్టుకుంది. అంత చదువుకున్న డాక్టరు పనిగట్టుకుని ఇన్నిసార్లు చూసిపోతోందంటే కంటికేదో పెద్ద ముప్పే ఉంది. చెప్పలేక వాచీ వంక పెడుతోంది!

ఆపరేషన్ రోజు ఆ అమ్మాయి వచ్చి, “ఈయనకు మత్తు నేనివ్వను. మా పెద్ద డాక్టరు ఇస్తారు,” అంది.

తల్లి గబుక్కున ముందుకొచ్చింది. “అంత ప్రమాదమా? నా దగ్గర దాచకండి.”

“ప్రమాదం కాదండీ.” ఆమె చూపు స్ట్రెచర్ చక్రం మీద నిలిచింది. “సొంతవాళ్ళకు మేం మత్తివ్వం. చెయ్యి వణుకుతుంది.”

స్ట్రెచర్ మీంచి అతను ఆమె మణికట్టు వైపు చూశాడు.

“వాచీ బాగానే నడుస్తోంది కదూ?” అన్నాడు.

“మొదటి రోజు నుంచీ.”

“తెలుసు. నేనూ ఊరికే మూత తీసి పెట్టేవాణ్ణి.”

అతన్ని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది.

బెంచీ మీద తల్లి వెయ్యి దేవుళ్ళకు మొక్కుతూ తలెత్తి చూస్తే, గోడకానుకుని డాక్టరు. క్షణానికోసారి వాచీ చూసుకుంటోంది.

“బీపీ మరీ తగ్గిపోతేనో...” అని గొణుక్కుంటోంది.

జీవితమంతా తను ఒక్కతే భయపడుతూ వచ్చింది తల్లి. ఇన్నాళ్ళకు ఒక తోడు దొరికింది.

“ఇటు కూర్చో, అమ్మాయ్. తగ్గితే పెంచుతారు. కాపలా కాయడమే వాళ్ళ ఉద్యోగం. నువ్వే కదా చెప్పావు.”

చల్లబడిపోయిన ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

“కునుకు పడితేనో?” అంది డాక్టరు.

తల్లి నవ్వాపుకోలేకపోయింది. అప్పుడే తలుపు తీసుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. పొర శుభ్రంగా వచ్చేసింది, కంటికి ఢోకా లేదన్నాడు.

మత్తు వదిలాక, కంటికి కట్టుతో కొడుకు అడిగాడు. “టైమెంత?”

తల్లి ఆ అమ్మాయి మణికట్టు తిప్పి చూసింది.

“ఒంటిగంట. రెండు నిమిషాలు స్లో. కన్ను కుదుటపడ్డాక తీరిగ్గా చూద్దువుగానిలే. వాచీ ఇక మనింట్లోదే.”