వెనక్కి తిరగని అమ్మ

ఉదయం ఎనిమిదింటికి ఆ ఇంట్లో ముగ్గురూ మూడు మూలల్లో సుఖంగా ఉన్నారు. చిత్రకారిణి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కుంచెలు కడుగుతోంది. ఆవిడ భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, చల్లారిపోయిన టీ తాగుతూ పేపరు చదువుతున్నాడు. ఆవిడ తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ళ దర్జీ, అల్లుడి చొక్కాకి గుండీ కుడుతోంది. నిజానికి ఆ గుండీ ఊడలేదు, కాస్త వదులైందంతే. చేతిలో సూది లేకపోతే పెద్దావిడకి తోచదు. అందుకని అల్లుడే అప్పుడప్పుడూ గుండీలు లాగి వదులు చేసి పెడుతుంటాడు. ఆ సంగతి ఆవిడకి తెలియదని మాస్టారి ధీమా.

చిత్రకారిణి ముప్ఫై ఏళ్ళుగా పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తోంది. వీధిలో పిల్లలకి ఆవిడ పేరుతో పనిలేదు, 'బొమ్మలత్త' అంటారు. ఆవిడ బొమ్మల్లో ఒక విశేషం ఉంది. మనుషుల్ని వెనకనించి వేస్తుంది. వంగిన మెడ, జారిన జడ, ఒకపక్కకి ఒరిగిన భుజం చాలు, ఆ మనిషి నవ్వుతున్నాడో అలిగాడో పిల్లలు ఇట్టే చెప్పేస్తారు. తెలిసినవాళ్ళు దాన్ని శైలి అన్నారు. కాబోలు అని ఆవిడా అనుకుంది.

ఈసారి వేసింది మాత్రం సొంత కథ. తనకి బొమ్మలు ఎవరెవరు నేర్పారో పిల్లలకి చెప్పే పుస్తకం. అందులో మొదటిసారి మనుషులకి మొహాలు వేసింది. ఆఖరి ప్రూఫు నిన్ననే వచ్చింది. సాయంత్రం నాలుగింటికల్లా ఆవిడ సరేనంటే అచ్చుకి వెళ్ళిపోతుంది.

"ఏదీ, నన్నూ చూడనీవే," అంది తల్లి, దారం తెంపి చొక్కా పక్కన పడేసి.

కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ తిప్పగానే పెద్దావిడ మొహం వెలిగిపోయింది.

"అబ్బో! నిచ్చెన మీద ఈయన సైన్‌బోర్డులు రాసేవాడు కదూ? చెవి మీద కుంచె, ముందుకొచ్చిన పన్ను... అచ్చు గుద్దినట్టు దింపేశావే!"

"ఊపిరి బిగబట్టి గీత ఒక్కసారే లాగాలని చెప్పింది ఆయనే అమ్మా. ఇప్పటికీ అలాగే లాగుతాను."

"ఈవిడ లైబ్రరీ ఆవిడ! చిరిగిన బొమ్మల పుస్తకాలన్నీ నీకిచ్చి పంపేది."

"ఊడిపోయిన పేజీల్లో ఏముండేదో నన్నే వేసి తెమ్మనేది. ఇంతకన్నా బడి ఏం కావాలి!"

"ఈ చండశాసనురాలు?"

"డ్రాయింగ్ టీచరు. రబ్బరు లాక్కుని ఏడాదిపాటు తిరిగివ్వలేదు."

ఇలా నవ్వుకుంటూ సగం పుస్తకం అయింది. పేజీల్లో పక్కింటి పిల్లి వచ్చింది, పోస్టుమాన్ వచ్చాడు. అంతలో పెద్దావిడ చెయ్యి ఆగింది. వెనక్కి రెండు పేజీలు తిప్పింది, మళ్ళీ ముందుకి నాలుగు తిప్పింది.

"ఇందులో నేనెక్కడే?"

"ఇదిగో, కుర్చీలో కూర్చుని చొక్కాకి కాజాలు వేస్తున్నావు. ఇదిగో ఇక్కడ కూడా. ఐదు పేజీల్లో ఉన్నావమ్మా. అందరికంటే ఎక్కువ నువ్వే!"

"ఇది వీపు."

"నీదే కదా..."

"ఐదు పేజీల్లోనూ వీపే. సైన్‌బోర్డాయనకి మొహం ఉంది. ఆ టీచరుకి మొహం ఉంది. పక్కింటి పిల్లికి మీసాలతో సహా మొహం ఉంది. కన్నతల్లికి లేదు!"

మాస్టారు పేపరు కాస్త పైకెత్తి దాని వెనక దాక్కున్నాడు. అయినా ఊరుకోలేక, "అత్తయ్యా, వీపు కూడా ఎంత హుందాగా వచ్చిందో చూడండి," అన్నాడు. ఊరుకుంటే బాగుండేది.

"మీరు ముందు ఆ గుండీలు పీకడం మానండి బాబూ," అంది ఆవిడ. మాస్టారు పేపరు వెనకే ఉండిపోయాడు.

"తీసెయ్యవే. ఆ ఐదు పేజీలూ తీసెయ్. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పుకోనక్కర్లేదు, మా అమ్మ నావైపు తిరిగేది కాదని."

పెద్దావిడ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

చిత్రకారిణి బల్ల ముందు కూలబడింది. ఆ పేజీలు తీసేస్తే పుస్తకంలో మిగిలేది నలుగురు పెద్దమనుషులూ ఒక పిల్లీ. అలాగని మొహం వెయ్యాలని చూడలేదా? నెలరోజులు చూసింది. ఎన్నిసార్లు వేసినా ఇప్పటి ముసలమ్మ మొహమే వచ్చేది. ఫొటోల సాయం తీసుకుందామంటే, వాటిల్లో అమ్మ కెమెరామీద కోపమొచ్చినట్టు బిగుసుకుపోయి ఉంది. తన చిన్నప్పటి అమ్మని తలుచుకుంటే కళ్ళముందుకు వచ్చేది ఒక్కటే, వంగిన మెడ.

మధ్యాహ్నమైనా ఆ తలుపు తెరుచుకోలేదు. భోజనానికి పిలిస్తే "ఆకలి లేదు" అన్న మాట తలుపు దాటి వచ్చింది, మనిషి రాలేదు. మూడింటికి ఇక ఉండబట్టలేక చిత్రకారిణి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తల్లి కిటికీవైపు తిరిగి కుర్చీలో కూర్చుని ఉంది.

"అమ్మా, ఒకమాట చెప్తాను, తిట్టకు. అప్పటి నీ మొహం నాకు గుర్తులేదు. ఎంత తలుచుకున్నా వీపే వస్తోంది."

తల్లి పైటచెంగు సర్దుకుంది.

"ఇంకా చెప్పనా? బడినించి వచ్చి నీ వెనక నేలమీద కూర్చుని గీసేదాన్ని. ఇవాళైనా తిరిగి చూస్తుందేమో, ఇవాళైనా 'ఏం గీశావే' అంటుందేమో అని గీసేదాన్ని. నువ్వు ఒక్కనాడూ తిరగలేదు. నేను వెయ్యలేదు కాదమ్మా, నువ్వు చూపించలేదు!"

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది. కిటికీవైపునించి తల్లి గొంతు వినబడింది.

"ఒకసారి తిరిగానే. నీకు ఆరేళ్ళు. బోర్లా పడుకుని నా సుద్దముక్కతో ఏదో గీస్తున్నావు. నన్ను చూడగానే కాగితం ఉండచుట్టి నోట్లో పెట్టేసుకున్నావు. నీ నోట్లోంచి అది తీసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత వారంరోజులు సుద్ద ముట్టుకోలేదు నువ్వు. అప్పుడే అనుకున్నాను, దీనికి సిగ్గు, ఇది గీస్తున్నంతసేపు దీనివైపు తిరగకూడదు అని."

"అందుకా తిరగలేదు?"

"మరెందుకనుకున్నావు? నాకు మాత్రం చూడాలని ఉండదా? మెడ పట్టేసేది. మిషను తొక్కితే నీ సుద్ద చప్పుడు వినబడదని, నువ్వు గీసేటప్పుడు మిషను ఆపి చేత్తో కాజాలు వేసుకునేదాన్ని. గరగరా లాగితే చెట్టో మబ్బో అనుకునేదాన్ని. చప్పుడు సన్నబడితే, అమ్మయ్య, ఎవరివో కళ్ళు దిద్దుతోంది అనుకునేదాన్ని. నువ్వు మర్నాడు బడికెళ్ళాక ఏరుకుని చూసుకునేదాన్ని అన్నీ."

తన జ్ఞాపకాల్లో అమ్మ ఎప్పుడూ సూదితోనే ఎందుకుంటుందో, మిషను మీద ఎందుకుండదో చిత్రకారిణికి ఇన్నేళ్ళకి తెలిసింది.

"అమ్మా... నాకు సిగ్గు కాదే! ఆరోజు నేను గీసింది నువ్వు కత్తిరించి పెట్టుకున్న కాలర్ కొలతల కాగితం మీద. కస్టమరుది! చంపేస్తావని భయమేసి నోట్లో పెట్టుకున్నాను!"

"ఏమిటీ? ఆ కాలర్ కాగితం తిన్నది నువ్వా? ఎలకలు కొట్టేశాయనుకుని ఇల్లంతా దులిపాను కదే!"

"నోట్లోంచి తీశానన్నావుగా, చూడలేదా?"

"ముద్దయిపోయింది, ఏం చూస్తాను! పిల్లకి ఊపిరాడటం లేదని నేను ఏడుస్తుంటే!"

చిత్రకారిణి పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు తన్నుకొచ్చింది. వెళ్ళి తల్లి వీపుమీద తల ఆనించింది. ఒక కాగితం ముక్క మింగబోయినందుకు పదేళ్ళపాటు అమ్మ తిరగకుండా కూర్చుంది. తను అదంతా చిన్నచూపనుకుంది. నీకు బొమ్మలు ఎవరు నేర్పారని అడిగినవాళ్ళందరికీ ఎవరెవరి పేర్లో చెప్పింది కానీ, గీసుకునేందుకు అంత చోటు వదిలిన మనిషి మాట ఎత్తనే లేదు.

"నన్ను క్షమించమ్మా."

"చాల్లే. ముక్కు తుడుచుకో, నా జాకెట్టు తడిసిపోతోంది."

ముందుగదిలో అచ్చువాళ్ళ ఫోను మోగింది. మాస్టారు ఎత్తాడు. "ఆఁ, చూశారండీ, అంతా బాగుందిట," అని గదివైపు తొంగిచూశాడు. భార్య కాగితం అట్టకి పెట్టుకుని పెన్సిలు చెక్కుతోంది. మాస్టారు చప్పున మాట మార్చాడు. "కాదు, ఇంకొక్క పేజీ ఉందిట. రేపటిదాకా ఆగండి. అవునండీ, ఆగాల్సిందే."

చిత్రకారిణి నేలమీద, తల్లి కుర్చీ వెనక చతికిలబడింది. మోకాళ్ళు మూలిగాయి. పెన్సిలు కాగితానికి ఆనించి మెడ దగ్గరినించి మొదలుపెట్టింది. గదిలో గీత చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమే," అంది తల్లి కిటికీలోకి చూస్తూనే. "ఇప్పుడు తిరిగితే ఆపేస్తావా?"

"ఆపనమ్మా. తిరుగు."

పెద్దావిడ కుర్చీ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఇటు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, బోసినోటినిండా నవ్వు. "ఏం గీశావే?" అంది. చిత్రకారిణి ఏడుస్తూనే ఉంది, కానీ చెయ్యి ఆగలేదు.