ఆమె చేతి కెమెరా

పొద్దుటి టీ గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఫోటోగ్రాఫరు కొత్త అట్టపెట్టె విప్పుతున్నాడు. ముందు చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, చాలదన్నట్టు మళ్ళీ కడుక్కున్నాడు. సొంత పిల్లల్ని ఎత్తుకునేటప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్త పడలేదు. లోపలి నల్లటి కెమెరాను రెండు చేతులా ఎత్తి భార్య ముందు పెట్టాడు.

"ఫుల్ ఫ్రేమ్. ఎన్నాళ్ళ కలో నీకు తెలుసు కదా. మన పాతవాటికంటే వెలుతురు పట్టే సెన్సర్ చాలా పెద్దది. హాల్లో సగం దీపాలు ఆర్పేసినా ముఖాలు కడిగిన ముత్యాల్లా వస్తాయి."

మూల కుర్చీలో ఉన్న తల్లి కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కెమెరా అంటావేంట్రా, రోకలిబండలా ఉంటేనూ."

భార్య కెమెరాను చూడలేదు. ఆమె చూపు గోడ బీరువా మీద ఉంది. గాజు తలుపు వెనక ఎప్పుడూ పక్కపక్కనే ఉండే రెండు చిన్న కెమెరాలూ లేవు. వాటి లెన్సులూ లేవు.

"మన పాతవేవీ?"

"మార్పిడికి ఇచ్చేశాను. రెండూ ఇస్తేగానీ ఇది రాలేదు. ఆ లెన్సులు ఉంచుకున్నా దండగే. చిన్న సెన్సర్ కోసం చేసినవి దీనికి తగిలిస్తే బొమ్మ అంచులు నల్లబడతాయి."

"నాది కూడా ఇచ్చేశారా?"

"నీ మంచికే. మణికట్టు నొప్పని ఎన్నాళ్ళు బాధపడతావు? ఇక హాయిగా ఇంట్లో ఉండు. పెళ్ళిళ్ళకి నేనొక్కణ్ణి చాలు."

ఇన్నేళ్ళుగా ఏ పెళ్ళికైనా ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ఆయన ముందు నిలబడి అందరూ చూడవలసినవన్నీ తీసేవాడు. ఆమె చిన్న కెమెరా పట్టుకుని జనంలో కలిసిపోయేది. ముసలివాళ్ళ పక్కన కూర్చునేది, పిల్లల ఎత్తుకి వంగేది, కబుర్లు చెబుతూనే తీసేది. ఆల్బమ్‌లో జనం వేలు పెట్టి చూపించుకుని నవ్వుకునేవి ఎక్కువగా ఆమె తీసినవే. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా ఎన్నడూ పైకి అనలేదు, అంతే.

"నొప్పి నాది, పనీ నాదే," అందామె మెల్లగా. "నొప్పి తగ్గించే వంకతో పని లాగేసుకున్నారు."

"విశ్రాంతి తీసుకోమంటే ఏడ్చే మనిషిని నిన్నే చూస్తున్నాను. నలుగురూ వింటే నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఇది కొనేముందు ఎంతమందిని అడిగారు? తోటి ఫోటోగ్రాఫర్లందర్నీ అడిగారు. ఫోన్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చెప్పిందంతా నెలల తరబడి విన్నారు. పక్కన కూర్చుని అన్నం తినేదాన్ని, నన్ను ఒక్క మాట అడిగారా?"

"అడిగితే ఏమనేదానివి?"

ఆమె లేచింది. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినబడింది. మూడు గ్లాసులకి అంత నీళ్ళు అక్కర్లేదని ఆయనకి కూడా తెలుసు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకంరా నువ్వు, మీ నాన్నలాగే," అంది తల్లి.

ఆ వారం పెళ్ళికి ఆయన ఒక్కడే వెళ్ళాడు. కొత్త కెమెరా చెప్పినమాట విన్నది. మసక వెలుతురులో కూడా బొమ్మ మీద ఒక్క మచ్చ లేదు. పెళ్ళికూతురి అమ్మమ్మ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. అంతకుముందు నిశ్చితార్థంలో భార్య ఆ పెద్దావిడ పక్కన నేల మీద చతికిలబడి గంటలకొద్దీ మాట్లాడింది. ఇప్పుడు ఆయన లెన్సు అటు తిప్పగానే పెద్దావిడ అరచేయి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కాదు నాయనా. ఆ అమ్మాయి రాలేదూ?"

"రాలేదండీ," అని ఆయన ముందుకి సాగిపోయాడు.

కొన్నాళ్ళకి పెళ్ళికూతురి తల్లి ఫోటోలు చూసుకోవడానికి స్టూడియోకి వచ్చింది. మెచ్చుకుంటూనే చూసింది. చివరికి వచ్చాక, "మా అమ్మ ఎక్కడండీ?" అంది.

ఆయన వెనక్కి జరిపాడు, ముందుకి జరిపాడు. దొరికింది ఒక్కటే. అందులో అరచేయి ఉంది. జోస్యం చెప్పేవాడికి చూపిస్తే జాతకమంతా చెప్పేసేంత స్పష్టంగా గీతలున్నాయి. వెనక ముఖం మాత్రం లేదు.

"పోనీలెండి," అందావిడ. కోప్పడినా బాగుండేది. "రేపు సాయంత్రం మా చెల్లెలింటికి వెళ్ళిపోతోంది. ఈ వయసులో మళ్ళీ ఎప్పుడొస్తుందో. మీ ఆవిడ వస్తుందనే ఆ రోజు మంచి చీర కట్టుకుంది."

ఆవిడ వెళ్ళాక ఆయన స్టూడియోకి తాళం వేసి నేరుగా కెమెరాల దుకాణానికి పోయాడు. మా ఆవిడ కెమెరా తిరిగి ఇచ్చేయండి, ఏదో ఒకటి సర్దుకుందాం అన్నాడు.

దుకాణదారు తల అడ్డంగా ఊపాడు. "వచ్చిన మర్నాడే అమ్ముడుపోయింది సార్. అయినా అదెందుకు? మేడమ్‌కి నచ్చింది ఇది కదా."

అద్దాల పెట్టెలోంచి చిన్న కెమెరా ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. దాదాపు ఆమె పాతదంతే ఉంది.

"ఇది కూడా ఫుల్ ఫ్రేమే, బరువే తక్కువ. మొన్నామధ్య మేడమ్ ఒక్కరే వచ్చారు. దీనికి చిన్న లెన్సు తగిలించుకుని, మణికట్టు ఎంతసేపు ఓర్చుకుంటుందో చూస్తానని దుకాణమంతా తిరిగారు. ముందు ఒకటి కొని, పాతదొకటి అట్టే పెట్టుకుంటామన్నారు. దీపాలు తగ్గిస్తే పాతదాంట్లో ముఖాలు మచ్చలు పడుతున్నాయని ఆవిడకీ బాధే. మీతో చెబుతానన్నారే?"

చెప్పబోయింది. ఒక రోజు భోజనం దగ్గర, "ఏమండీ, ఇవాళ కెమెరాల దుకాణానికి వెళ్ళాను," అంది. ఆయన ఫోన్లో ఎవడో రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టి పోలుస్తుంటే చూస్తున్నాడు. కళ్ళు ఎత్తకుండా, "ఊఁ, తర్వాత," అన్నాడు. ఆ తర్వాత అనేది రానే లేదు. అద్దాల పెట్టె ముందు నిలబడి ఉండగా ఆయనకి కళ్ళనీళ్ళు వచ్చాయి. దుకాణదారు మర్యాదగా అటు తిరిగి బిల్లులు సర్దుకున్నాడు.

ఇంటికి ఖాళీ చేతులతో వచ్చాడు. భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"నీ కెమెరా అమ్ముడైపోయింది," అన్నాడు. "ఇంకొకటి తెద్దామనుకుని ఆగాను. ఈసారి అడగకుండా తేకూడదని. నువ్వు చూసి వచ్చిందేమిటో దుకాణంలో చెప్పారు. ఆ రోజు నీ మాట వినలేదు. తప్పు నాది."

ఆమె చేతిలో మడత సగంలో ఆగింది. "దాని మీద నా బొటనవేలు ఆనే చోట రబ్బరు అరిగిపోయి గుంట పడింది. కొన్నవాళ్ళకి అక్కర్లేని గుంట," అంది. అప్పుడు ఏడ్చింది. ఆయన పక్కనే కూర్చున్నాడు గానీ ఊరుకోమనలేదు.

"ఆ అమ్మమ్మగారి ఫోటో బాగా వచ్చిందా?" అంది కాసేపటికి.

"రాలేదు. నీకోసం అడిగింది. రేపు వెళ్ళిపోతోందట."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయితే ఆ రోకలిబండే తీసుకుని పదండి."

మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. పెద్దావిడ ఆమెను చూడగానే చాప మీద చోటిచ్చింది, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే అని తిట్టింది. ఆమె కెమెరా కంటికి ఆనించింది. బరువుకి మణికట్టు వణికింది. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లెన్సు కింద అరచేయి పెట్టాడు. బరువంతా తన చేతిలోకి వచ్చింది. అక్కడినుంచి ఆయనకి బొమ్మ కనబడదు. పెద్దావిడ నవ్వు మాత్రం వినబడుతోంది. ఇన్నేళ్ళూ ఆమె జనంలో కూర్చుని ఏం వినేదో ఆయన మొదటిసారి వింటున్నాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

ఆమె కన్ను తీయలేదు. "ఉంది," అంది. "అయినా ఇంకొకటి తీస్తాను. మీరు కదలకండి."