చాలన్న పగడం

పెట్టె మాట్లాడింది.

"ఆకలండీ" అంది.

హిమబిందు రెండడుగులు వెనక్కి వేసింది. మాట వచ్చింది గాజుతొట్టెకి బిగించిన చిన్న పెట్టెలోంచేనని కళ్లారా చూస్తూనే ఉంది. కానీ అడిగింది పెట్టె కాదు, తొట్టెలో ఉప్పునీళ్ల అడుగున కూర్చున్న పగడం. గొంతు మాత్రం మంచీ మర్యాదా తెలిసిన ఇంట్లో పెరిగిన పదేళ్ల ఆడపిల్లది.

పెట్టెని కనిపెట్టిన డాక్టర్ శ్లోక నవ్వింది. "భయపడకండి ఆంటీ. పెట్టండి, ఏమంటుందో చూద్దాం."

సముద్రం ముఖం చూడాలంటే బస్సెక్కాల్సిన మండపేటలో, ముందుగదిలో ఈ ఉప్పునీళ్ల తొట్టె ఏమిటంటారా? ఊపిరి కండరాలు బిగుసుకుపోయే జబ్బు కొత్తగా పుట్టుకొచ్చిన కాలం అది. హిమబిందు భర్త చక్రధర్‌కి అదే వచ్చింది. మందు ఒక్కటే, ల్యాబులో పుట్టించిన ఈ జాతి పగడం ఒంటిమీద ఊరే జిగురు. పొద్దున్నే చెంచాడు తీసి నాలుక మీద వెయ్యాలి. సీసాలో దాద్దామంటే పూట తిరిగేసరికి పనికిరాకుండా పోతుంది. అందుకని రోగి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక తొట్టె. పగడం చస్తే కొత్తది అతుక్కుని పెరగడానికి ఏడాది పడుతుంది. చక్రధర్‌కి అంత గడువు లేదు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ హిమబిందు ఆ తొట్టె ముందు అరచేతిలో ప్రాణం పెట్టుకుని బతుకుతోంది.

పగడం రాయి కాదు, చెట్టూ కాదు. ఒంటినిండా నోళ్లున్న జీవి. ప్రతి నోటి చుట్టూ దారాల్లాంటి సన్నటి చేతులుంటాయి. ఆకలేస్తే చాపుతుంది, నిండితే ముడుచుకుంటుంది. ఆ కదలికకి నీళ్లలో పిసరంత కరెంటు పుడుతుంది. శ్లోక పెట్టిన సెన్సర్ దాన్ని పట్టుకుని మాట చేస్తుంది. మాటలు కూడా రెండే, "ఆకలండీ", "చాలండీ".

ఎర్రలైటు పెట్టొచ్చు కదా అని చక్రధర్ మంచం మీంచి అడిగాడు. లైటుని ఎవరూ చూడరనీ, కుయ్యోమని మోగే అలారాన్ని మూడోరోజే ఆపేస్తారనీ, మనిషి గొంతయితే కాదనలేరనీ శ్లోక చెప్పింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా అంకుల్. అందుకే దీనికి అడగడం నేర్పాను."

తిండి పెట్టే పద్ధతి కూడా చూపించింది. ముందు తొట్టెలో నీళ్లు తిప్పే పంపు ఆపాలి, లేకపోతే తిండి కొట్టుకుపోతుంది. ఆర్టీమియా అనే బుల్లి రొయ్యజీవుల పొడి ఉప్పునీళ్లలో కలిపి, పిప్పెట్ అనే సన్నటి గొట్టంతో నోళ్ల మీద చుక్కచుక్కగా వదలాలి. 'చాలండీ' అనగానే ఆపి పంపు వెయ్యాలి. ఆ తర్వాత ఒక్క చుక్క వెయ్యకూడదు, మిగిలింది కుళ్లితే నీళ్లు విషమవుతాయి. హిమబిందు అన్నిటికీ తలూపింది.

ఊపిందే గానీ, ఇక్కడొక మాట చెప్పుకోవాలి. శ్లోక హాస్టల్ మెస్సుల్లో, ల్యాబు క్యాంటీన్లలో తిని పెరిగిన పిల్ల. అక్కడ చాలంటే చాలనే. గోదావరి జిల్లా ఇంట్లో విస్తరి ముందు కూర్చుని చాలని చూడండి! మీరు చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి జారుతుంది. చాలన్న మనిషికి ఇంకో గరిటె వెయ్యకపోతే ఆ ఇల్లాలికి పరువు తక్కువ, ఆ తినేవాడికి అవమానం. పైగా చక్రధర్ మంచాన పడ్డాక రెండు ముద్దలకే చాలనేవాడు. ఆవిడ ఆ మాట వినకుండా కొసరి కొసరి, బతిమాలి, కసిరి తినిపించబట్టే మనిషి నిలిచాడని డాక్టర్లే అన్నారు. అలాంటి చెయ్యి అది.

మొదటిరోజు పగడం "చాలండీ" అనగానే హిమబిందు పిప్పెట్ తీసేసింది. తీసి, ఒక్క క్షణం నిలబడింది. అంత మర్యాదగల గొంతు, పరాయి ఇల్లు, మొహమాటపడుతోందేమో పాపం! ఇంకొక్క చుక్క వేసింది. ఏమీ కాలేదు. మర్నాడు పగడం ఇంకాస్త విచ్చుకున్నట్టే కనబడింది. దాంతో ఒక చుక్క రెండయింది, రెండు పిప్పెట్ నిండా అయింది. "తినవే తల్లీ, నువ్వు తింటేనే ఆయన ఊపిరి" అని వెయ్యడం అలవాటయింది.

తొట్టె అద్దాల మీద జిడ్డు పట్టసాగింది. తుడుచుకుంది. గదిలో నీచువాసన మొదలయింది. అగరొత్తి వెలిగించింది. ఒక పొద్దున ఆవిడ ఇంకా పొడి కలపకముందే పెట్టె "చాలండీ" అంది. ఏమీ పెట్టకుండానే చాలనడమేమిటి? చూస్తే నోళ్లన్నీ బిగించుకుని ఉన్నాయి. నిన్న తొందరలో మాట్లాడకుండా పెట్టాను, అలిగిందేమో అనుకుంది. అలిగినవాళ్లని బతిమాలాలి గానీ వదిలేస్తారా? ఆపూట బతిమాలుతూ ఎప్పటికన్నా రెట్టింపు వేసింది.

ఆరోజు చెంచాలోకి వచ్చిన జిగురు నీళ్లలా ఉంది. మధ్యాహ్నానికి చక్రధర్ ఊపిరి గొంతులో ఇరుక్కుంది. పెదాలు నీలంగా తిరిగాయి. మంచం కోడు పట్టుకుని గాలి కోసం నోరు తెరిచాడు, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. హిమబిందు ఒక చేత్తో ఆయన వీపు నిమురుతూ ఇంకో చేత్తో శ్లోకకి ఫోన్ చేసింది. తొట్టెలోంచి ఆ పిల్ల గొంతు "చాలండీ, చాలండీ" అంటూనే ఉంది.

శ్లోక వస్తూ తెచ్చిన ఆక్సిజన్ మాస్కుతో ఆయన ఊపిరి నిలబడింది. తర్వాత తొట్టె దగ్గరికి వెళ్లి ముక్కు మూసుకుంది. నీళ్లలో ముంచిన పరీక్ష కాగితం ముదురు రంగుకి తిరిగింది, నీళ్లు విషమైపోయాయి. కుళ్లిన భాగమంతా కోసి తీసేసి, కొత్త ఉప్పునీళ్లు నింపితే, చివరికి బొటనవేలంత ముక్కలో ప్రాణం మిగిలింది.

"చాలన్నాక ఎందుకు పెట్టారు ఆంటీ?"

"మొహమాటపడుతోందనుకున్నానమ్మా."

పిచ్చిపిల్ల శ్లోక, ఇంటిపిల్ల గొంతు పెట్టింది గానీ, ఇళ్లల్లో ఆ గొంతుల్ని ఎలా వింటారో ఎరగదు. గొంతు తీసేసి లైటు పెడతానంది. హిమబిందు వద్దంది. ఇక మీదట చాలంటే చాలనే వింటానని తొట్టె మీద చెయ్యేసి ఒట్టుపెట్టుకుంది.

ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా. ముక్క పెరిగేదాకా సగం మందుతో, మాస్కుతో గడిచిన రోజులు పగవాళ్లకి కూడా వద్దు. ఆయన ఊపిరి తీసి వదిలేదాకా ఆవిడ తన ఊపిరి వదిలేది కాదు. 'చాలండీ' అన్న మాట చెవిన పడగానే నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాగేసుకునేది. పగడం కోలుకుంది. జిగురు చిక్కబడింది. చక్రధర్ మాస్కు లేకుండా కూర్చోగలుగుతున్నాడు.

కానీ మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. మెడ ఎముకలు బయటపడ్డాయి. మళ్లీ ఏం ముంచుకొస్తోందో అని హిమబిందు శ్లోకని పిలిచింది. శ్లోక నీళ్లు చూసింది, జిగురు చూసింది, ఊపిరి చూసింది. అన్నీ లక్షణంగా ఉన్నాయి. అంకుల్ ఏం తింటున్నారని అడిగింది.

"వేళకి పెడుతున్నానమ్మా. చాలనగానే ఆపేస్తున్నాను. ఒక్క మెతుకు ఎక్కువ వెయ్యడం లేదు" అంది హిమబిందు. అని, తన మాట తనకే వినబడి ఆగిపోయింది.

ఆకలేస్తే అడగొచ్చు కదా అంకుల్ అంది శ్లోక. చక్రధర్ తల దించుకున్నాడు. "ఇన్నేళ్లలో ఈ ఇంట్లో అడిగి పెట్టించుకున్న పాపాన పోలేదమ్మా. అడగడం మీరు దానికి నేర్పారు, నాకు రాదు."

శ్లోక వెళ్లాక హిమబిందు కళ్లు తుడుచుకుని కంచం పెట్టింది. పప్పూ అన్నం కలిపి ముద్దలు చేసి నోటికందించింది. మూడో ముద్దకి ఆయన, ఎప్పటి అలవాటో, "చాలు" అన్నాడు. ఆవిడ ఇంకోటి పెట్టాలి. పెట్టాలని తెలుసు. కానీ ఆ మాట వినగానే కళ్లముందు కుళ్లిన నీళ్లూ, నీలంగా మారిన పెదాలూ తిరిగాయి. ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లోనే బిగుసుకుపోయింది. ఎంత ముందుకి తోసినా కదలడం లేదు.

ముందుగదిలోంచి "ఆకలండీ" అని వినిపించింది.

హిమబిందు ముద్ద కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని లేచి వెళ్లింది. చక్రధర్ నోరు ఇంకా కొంచెం తెరుచుకునే ఉంది.