ఇరవై ఏడో నంబరు అమ్మాయి

ఆదివారం పొద్దున బట్టలారేసేటప్పుడు షినోబు అన్నిటికన్నా ముందు మొగుడి టవలు తీసింది, ఆ పని కాస్తా అయిపోతే పీడ విరగడవుతుందని. లేత నీలం టవలు మీద ‘యుకివారి’ అని పాటల బృందం పేరు, దాని కింద ‘చలికాలం బాబాయి’ అని ఇంకో పేరు. ఆ రెండోది ఇంటర్నెట్‌లో ఆమె భర్త కునిహికో తగిలించుకున్న మారుపేరు. జపాన్‌లో ఇచినోమియా అనే ఊళ్ళో నేత మిల్లు సూపర్‌వైజరు, యాభై రెండేళ్ళ మనిషి. వీధిలో వాళ్ళ కంట పడకుండా ఆ టవల్ని దుప్పటి చాటున ఆరేసి, షినోబు చేతులు కడుక్కుంది.

యుకివారి పాతికేళ్ళుగా నడుస్తున్న ఆడపిల్లల బృందం. పాతవాళ్ళు వెళ్ళిపోతుంటారు, కొత్తవాళ్ళు చేరుతుంటారు, పేరు మాత్రం అదే. పెళ్ళయిన కొత్తలో కునిహికోకి పట్టుకున్న ఆ పిచ్చి కూతురు పుట్టినా వదల్లేదు, జుట్టు నెరిసినా వదల్లేదు. ఇంట్లో రోజుకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ పిల్లల సంగతి ఎత్తితే చాలు, గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు. వయసొచ్చిన మగాడు రంగుల దీపాలు ఊపుతూ గంతులెయ్యడం ఒకసారి వెళ్ళి చూసినప్పటి నుంచి షినోబుకి ఆ బృందం పేరు వింటేనే గిట్టదు.

మధ్యాహ్నం అతని స్నేహితులిద్దరూ దిగారు. తొయామా పోస్టుమాన్, సకాకికి స్టేషను దగ్గర లాండ్రీ ఉంది. ఆ రోజు మూడింటికి యుకివారిలోకి కొత్తగా తీసుకునే పిల్లల నంబర్లు ప్రకటిస్తారు. టీవీ ముందు బల్ల మీద బీరు సీసాలు, సకాకి తెచ్చిన కోడి రెక్కల వేపుడు పరిచి ముగ్గురూ పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనుషుల్లా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పంతొమ్మిదేళ్ళ కూతురు చినత్సు వంటింట్లో తల్లికి సాయం చేస్తోంది. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలి కోర్సు చదువుతోంది. వారం రోజులుగా రోజూ సాయంత్రం పరీక్షకి చదువుకోవాలని స్నేహితురాలింటికి వెళ్ళి వచ్చింది. మనిషి కాస్త చిక్కినట్టు కనిపించింది షినోబుకి.

వంటింటికీ హాలుకీ మధ్య ఉన్నది కాగితపు తలుపే కాబట్టి ఒక్క మాటా తప్పిపోలేదు. బృందంలో అందరికన్నా పెద్దదైన కురెహాకి ముప్ఫై రెండేళ్ళు నిండాయి కాబట్టి ఆమెని స్టేజి మీదికి కాదు, మ్యూజియానికి పంపాలన్నాడు తొయామా. ఫలానా పిల్ల పాడితే మైకే సిగ్గుపడి తనంతట తను ఆగిపోతుందన్నాడు సకాకి. ఇంకో పిల్ల బుగ్గలు ఆవిరి మీద ఉబ్బిన బన్నుల్లా ఉంటాయట. ఒక్కో మాటకీ ముగ్గురూ తొడలు చరుచుకుని నవ్వుతున్నారు. ఆ పిల్లలే దేవతలని గోడల నిండా బొమ్మలు అంటించుకునేదీ వీళ్ళే. ఆ నవ్వు వింటుంటే షినోబుకి సింకులో చెత్త చేత్తో తీసినంత రోతగా ఉంది.

టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె ఊరుకోలేక, ముప్ఫై రెండేళ్ళ ఆవిడకి ఇంకా ఆ రిబ్బన్లెందుకని అడిగింది. అంతే, ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. పదమూడేళ్ళు మోకాలి నొప్పితో ఆడిందని ఒకరు, తుఫాను వచ్చినప్పుడు ఊరూరా తిరిగి ఊరికే పాడి వచ్చిందని ఒకరు, ఎన్ని బృందాలు పుట్టి పోయాయి, యుకివారి ఒక్కటే నిలబడిందని ఒకరు, ఆమె మీద విరుచుకుపడ్డారు.

“మేమన్నది వేరు వదినగారూ. మా ఇంటి పిల్లల్ని మేం లక్ష అంటాం. బయటివాళ్ళు అంటే మాత్రం ఊరుకోం,” అన్నాడు తొయామా, నూనె వేళ్ళు నాక్కుంటూ.

ఈసారి పిల్లల్ని ఎంచిన పద్ధతి మరీ కంపరంగా ఉంది. చివరి దాకా వచ్చినవాళ్ళు వారం రోజుల పాటు, ఉన్న చోటి నుంచే రోజూ కాసేపు ఇంటర్నెట్‌లో కెమెరా ముందు పాడాలి, ఆడాలి, కబుర్లు చెప్పాలి. పేరుండదు, నంబరే. ముఖం కనిపించదు, మెడ కింది నుంచే చూపిస్తారు. అభిమానులు ఆ వీడియో కింద తమకి తోచింది రాస్తారు. సంతలో పశువుని చూసినట్టు చూడ్డానికి ఇంత ఏర్పాటా అనిపించింది షినోబుకి. ఆ వారమంతా కునిహికో భోజనం దగ్గర కూడా ఫోను వదల్లేదు.

ముగ్గురికీ బాగా లోకువైంది ఇరవై ఏడో నంబరు. అది పాడుతుంటే పాత రేడియోలో స్టేషను దొరకనట్టుందన్నాడు సకాకి. అప్పుడు కునిహికో, ఆ పిల్ల గురించి తను రాసిన దానికే అందరికన్నా ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయని చెప్పి, ఫోను తీసి గొంతు సవరించుకుని చదివాడు.

“ఇరవై ఏడుకి ఆ లావు ముల్లంగి కాళ్ళు ఎవరి చలవో గానీ, బయటికి పంపే ముందు ఆ అమ్మానాన్నలు ఒకసారి చూసుకోలేదా? ఇట్లు, చలికాలం బాబాయి.”

తొయామా నవ్వి నవ్వి దగ్గాడు. వంటింట్లో ఉల్లికాడలు తరుగుతున్న షినోబు ఎవరితోనూ కాకుండా, ఎప్పుడూ అనే మాటే మళ్ళీ అంది. “ఏ తల్లి కందో. సిగ్గున్న ఇంటి పిల్ల అయితే అలాంటి చోటికి పోతుందా?” పక్కనే గిన్నెలు తుడుస్తున్న చినత్సు తల ఎత్తలేదు. రెక్కల పళ్ళెం తీసుకుని హాల్లోకి వెళ్ళింది.

మూడయింది. టీవీలో ఒక్కో నంబరూ పడుతోంది. ఆరు. పదకొండు. పంతొమ్మిది. ఆఖరున ఇరవై ఏడు పడింది. ముగ్గురూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. ముల్లంగిని తీసుకున్నారంటే ఇక యుకివారి పని అయిపోయినట్టేనని తొయామా తేల్చాడు. పాతికేళ్ళ పరువు తీశారని కునిహికో బల్ల మీద గుద్దాడు.

“ఆ నంబరు నాది,” అంది చినత్సు.

సకాకి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చినత్సు పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, తిన్నగా నిలబడింది. ఇంట్లో మాట్లాడే యాస వదిలేసి, అచ్చం రేడియోలో మాట్లాడినట్టు అంది. “ఇరవై ఏడో నంబరు మాట్లాడుతున్నానండీ. ఈ రోజు కూడా నన్ను చూసినందుకు అందరికీ ధన్యవాదాలు. చలికాలం బాబాయిగారూ, మీకు ప్రత్యేకంగా.”

వారం రోజులు విన్న గొంతే. కునిహికో మొహం పాలిపోయింది. కన్నకూతురు పాడితే ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ వినలేదు. వినాలనీ ఎప్పుడూ అనుకోలేదు. స్నేహితురాలిల్లు అని చెప్పి ఆ పిల్ల వెళ్ళింది స్టేషను పక్కన అద్దెకిచ్చే పాటల గదికి.

ఆ తరవాత జరిగింది షినోబుకి అంతకన్నా అసహ్యం వేసింది. సకాకి గబుక్కున మోకాళ్ళ మీదికి లేచి, ఆ గొంతులో ఏదో ప్రత్యేకత ఉందని తను మొదటి రోజే అన్నానన్నాడు. నిన్నటిదాకా ‘ఏమే’ అని పిలిచిన పిల్లని తొయామా ‘చినత్సుగారూ’ అన్నాడు. అభిమానులతో చేతులు కలిపే కార్యక్రమంలో తమని వరసలో నిలబెట్టకుండా చూడమన్నాడు. ముల్లంగి ఆరోగ్యానికి మంచిదని కూడా ఒక మాట కలిపాడు. షినోబు మిగిలిన రెక్కలు సంచిలో కట్టి వాళ్ళ చేతుల్లో పెట్టి, చెప్పులు వాకిట్లోకి తిప్పి పెట్టింది. ఇద్దరూ వంగి వంగి దణ్ణాలు పెట్టుకుంటూ పోయారు.

కునిహికో టీవీ కట్టేశాడు. “నువ్వు వెళ్ళటం లేదు,” అన్నాడు కూతురితో.

ఎంపికయినట్టు వాళ్ళు నిన్ననే తనకి చెప్పారనీ, రేపు పొద్దున్న టోక్యోలో ఉండాలనీ, రైలు టికెట్టు కొనుక్కున్నాననీ, కాలేజీలో ఏడాది సెలవుకి అడిగాననీ చెప్పింది చినత్సు. తనకి పద్దెనిమిది దాటాయి కాబట్టి ఎవరి సంతకమూ అక్కర్లేదంది. అయినా చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక ఈ రోజు దాకా ఆగానంది.

“అది నీలాంటి పిల్లలు ఉండే చోటు కాదమ్మా.”

“మరి ఎలాంటి పిల్లలు ఉండే చోటు నాన్నా? నా చిన్నప్పటి నుంచీ నువ్వే కదా చెప్పావు, అక్కడ కష్టపడేవాళ్ళకే చోటని, అంత మంచి చోటు లేదని. అమ్మ ఒక మాటంటే ఇందాక ముగ్గురూ కలిసి కొట్టినంత పని చేశారు. ఏముంది అక్కడ అంత చెడ్డది?”

కునిహికో బల్ల మీద నూనె మరకలు గోటితో గీకాడు. ఆయన్ని చూస్తే షినోబుకి జాలి రాలేదు. ఇన్నేళ్ళకి గడ్డి పెట్టే దేవుడొకడు ఉన్నాడనిపించింది.

“స్టేజి మీద ఏమీ లేదు,” అన్నాడు చివరికి. “దాని ముందు ఎవరుంటారో నాకు తెలుసు. చేతులు కలపడానికి వచ్చి లావయ్యావంటారు. ముసలిదానివయ్యావంటారు. నువ్వు నవ్వుతూ నిలబడాలి. ఇంటికెళ్ళి వాళ్ళు ఏం రాస్తారో తెలుసు.”

“ఎవరు నాన్నా వాళ్ళు?”

“నేనే,” అన్నాడు కునిహికో. “నాలాంటి వాళ్ళే.”

షినోబు ఇక ఆగలేదు. ఇరవై ఏళ్ళ నుంచి గొంతులో అడ్డుపడ్డదంతా ఆ పూట కక్కేసింది. ఇంట్లో పిల్ల ఏం తింటోందో, ఎందుకు చిక్కిందో తెలియదు గానీ ఊళ్ళో పిల్లల బుగ్గలు కొలుస్తాడని, ఆ టవలు ఉతికిన ప్రతిసారీ తనకి వాంతి వచ్చినంత పనవుతుందని, కన్నబిడ్డ కాళ్ళని వెక్కిరించి మెచ్చుకోళ్ళు ఏరుకున్న మనిషితో ఒక కప్పు కింద ఉండటం తనకే సిగ్గుగా ఉందని అంది. కునిహికో తల వంచుకుని అన్నీ పడ్డాడు. కూతురు తన పక్షాన నిలబడుతుందనుకుంది షినోబు. చినత్సు తల్లి వైపు తిరిగింది.

“నాన్న రాసింది చదివి నవ్వొచ్చిందమ్మా, ఏడుపు కూడా వచ్చింది. కానీ నాన్న అందర్నీ అంటాడు, నేనని తెలిసి అనలేదు. నీకు చెప్పడానికే నాకు భయం వేసింది.”

“నాకా? నేనేమన్నాను?”

“ఏ తల్లి కందో అన్నావు. ఇందాకా అన్నావు, పోయిన వారమూ అన్నావు. నాకు ఆరేళ్ళప్పటి నుంచి వింటున్నా. నాన్న మీద, ఆ స్నేహితుల మీద ఉన్న కోపం ఈ పూట దాకా నువ్వు వాళ్ళ మీద ఎప్పుడు చూపించావమ్మా? టీ కలిపి ఇచ్చావు. సిగ్గులేనివాళ్ళన్నది ఆ పిల్లల్ని. నేను పాడుకోవాలంటే స్నానాల గదిలో నీళ్ళు వదులుకుని పాడుకునేదాన్ని, నీకు వినబడితే నన్నూ అలాగే చూస్తావని.”

నీళ్ళు వృథా చేస్తోందని తను ఎన్నిసార్లు తలుపు కొట్టిందో షినోబుకి గుర్తొచ్చింది. బుగ్గలు ఉబ్బాయనీ వయసయిపోయిందనీ వీళ్ళు నవ్విన ప్రతి పిల్లనీ ఎవరో ఒక తల్లి ఇలాగే వంటింట్లో కూర్చుని కని పెంచి ఉంటుంది. ఆ తల్లుల్నే తను ఇన్నాళ్ళూ తిట్టింది. అసహ్యం పడాల్సిన చోట పడక, ఎదురు చెప్పలేని వాళ్ళ మీద పడింది. బల్ల దగ్గర కూర్చుని, ఏప్రన్‌తో కళ్ళు ఒత్తుకుంది.

ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావని కూతుర్ని అడిగింది. ఈ ఇంట్లో నాన్న నవ్వేది వాళ్ళు పాడేటప్పుడేనని చిన్నప్పుడు కనిపెట్టాననీ, వాళ్ళలా పాడితే తన వైపూ చూసి నవ్వుతాడనుకున్నాననీ చెప్పింది చినత్సు. “ఇప్పుడది కాదులే అమ్మా. ఇప్పుడు నాకు పాట ఇష్టం. అంతే.”

సాయంత్రం అయింది. పక్కింట్లో అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. కునిహికో తన ఫోను బల్ల మీద కూతురి ముందుకి తోసి, చలికాలం బాబాయి పేరుతో ఉన్న ఖాతా ఆమెనే తీసెయ్యమన్నాడు. అది నువ్వే చెయ్యాలంది చినత్సు. ఆయన చాలాసేపు వెతికి తీసేశాడు. తరవాత కూతురి మొహంలోకి చూడలేక, నేల వైపు చూస్తూ అడిగాడు. “ఒకసారి పాడతావా తల్లీ? ఈసారి సరిగ్గా వింటాను.”

మొదట పాడనంది. తరవాత లేచి, బీరు సీసాలు పక్కకి జరిపి, హాలు మధ్యలో నిలబడి యుకివారి పాత పాట ఒకటి పాడింది. గొంతు నిజంగానే కాస్త బొంగురు. కానీ ఎక్కడా దాపరికం లేదు. యుకివారి పాత పాటల్లో మొదటి చరణం అయ్యాక కాస్త ఖాళీ వదులుతారు. పాడే పిల్ల పేరు అక్కడ కచేరీ హాలంతా ఒక్క గొంతుతో అరవాలి. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది పేర్లు ఆ ఖాళీలో అరిచిన కునిహికో అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

చినత్సు ఆ ఖాళీలో తండ్రిని చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడింది.

షినోబుకి ఆ వరస తెలుసు. కాగితపు తలుపుకి అవతల నిలబడి, పళ్ళు కొరుక్కుంటూ, ఇన్నేళ్ళుగా విన్నదే. ఆ పాటంటే రోత ఇంకా పోలేదు. ఆ హాళ్ళ నిండా ఉండే మగాళ్ళంటే అసలే పోలేదు. పిల్ల మొదటిసారి స్టేజి ఎక్కే రోజు తనూ రైలెక్కి వెళ్ళి, ముందు వరసలో నిలబడేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసి వద్దామనుకుంది. ఏప్రన్ పక్కన పడేసి, కిటికీ తెరిచి ఉందని తెలిసి కూడా, వీధి వీధంతా వినబడేలా కూతురి పేరు అరిచింది.

“చినత్సు!”

చినత్సు కళ్ళు తుడుచుకుని రెండో చరణం ఎత్తుకుంది.