మూయని తలుపుల వీధి

అది పుష్య బహుళ విదియ. ఆ పొద్దున పైడి తిన్నది గిన్నెడు చోడి అంబలి, కాల్చిన చిలగడదుంపలో సగం. ఆ దుంపను తల్లి గంగాలు ముందుగా కూతురి అరచేతుల్లో పెట్టింది. "అప్పుడే తినకే. చేతులు కాచుకో. బ్రేకులు పట్టాల కదా," అంది. మిగిలిన సగం పైడి నడుముకి మూటకట్టుకుంది.

పిల్లలూ, అప్పటికి మూడేళ్లుగా నీలగట్టు రాజ్యంలో ఎండ లేదు. ఈదరుడనే గాలిరక్కసుడు కొండ మీద కాపురం పెట్టాడు. వాడు ఊపిరి విడిస్తే ఈదురుగాలి, ఒళ్లు విదిలిస్తే వాన. పొయ్యిలో కట్టె ఓ పట్టాన రాజుకోదు, చేలో గింజ నిలవదు. సైన్యాన్ని పంపితే గాలికి కొట్టుకుపోయింది. ఆఖరికి రక్కసుడే ఒక పందెం పెట్టాడు. ఏడాదికొకసారి ఎవరైనా సైకిలెక్కి కొండకు రావచ్చు. శిఖరం మీది గంట ముందుగా కొట్టినవారు ఒక్క కోరిక కోరవచ్చు. కానీ ఎక్కే దారిలో కాలు నేలకు ఆనిందో, మనిషి అక్కడే రాయైపోతాడు.

పైడి తండ్రి సింహాద్రి సైకిళ్లు బాగుచేసేవాడు. మొదటి ఏడే పందేనికి వెళ్లాడు. పక్కింటి అప్పలకొండ బండి జారితే పట్టుకోబోయి కాలు ఆన్చాడు. ఇద్దరూ రాళ్లయ్యారు. తరువాత ఆ వీధి నుంచే మరికొందరు వెళ్లి రాళ్లయ్యారు. మనిషి దారిలో ఉండగా ఇంటి తలుపు మూయకూడదని ఆ వీధి ఆచారం. అందుకే అక్కడ రాత్రిపూట కూడా తలుపులు బార్లా తీసే ఉండేవి. జల్లు గడప దాటి పక్కల మీదికి కొట్టేది.

ఈసారి వచ్చినవాళ్లలో చాలామంది చలికి కొండ మొదట్లోనే బళ్లు తిప్పేశారు. మిగిలింది పైడి, రాజకుమారుడు జయకేతు.

"రాకుమారా, వంతులు తెలుసు కదా," అంది పైడి. "ముందు బండి గాలి మోస్తాది. వెనక బండి దాని చాటున వస్తాది. ముందువాళ్లు అలిసి పక్కకి తప్పుకుంటే వెనకవాళ్లు ముందుకి రావాల."

"అదెంత పని," అన్నాడు జయకేతు.

"గంట ఎవరు కొట్టినా, ఈదరుడు కొండ దిగిపోవాలనే కోరాల. వాడు పోతే వానా పోతాది, రాళ్లూ లేస్తాయి."

"రాజు కొడుకు మాట. సరేనా?"

పైడి ముందు బండి తొక్కింది. గాలి రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టుంది. అలిసి పక్కకి తప్పుకుంటే జయకేతు ముందుకి రాలేదు. "కళ్లలో వాన పడుతోంది. ఇంకొక్క మలుపు," అన్నాడు. వాళ్ల వీధిలో వంతు తప్పేవాళ్లు లేరు. అందుకని అతని కళ్లు నిజంగానే మండుతున్నాయనుకుని, ఆమె మళ్లీ ముందుకి వచ్చింది. మలుపు తరువాత మలుపు అలాగే గడిచింది.

ఒక బండ కింద తడిసిన పంచెతో ఒక ముని వణుకుతున్నాడు. "అమ్మాయీ, చలి," అన్నాడు.

"ఆగితే రాయైపోతాను తాతా," అంటూనే పైడి తన గొంగడి తీసి అతని మీదికి విసిరింది.

"ఇద్దామంటే వరాలన్నీ వానకి నానిపోయాయి. ఒక్క మాట తీసుకుపో. గాలి తాను కొట్టినవాళ్లను మరిచిపోతుంది, తనను మోసినవాళ్లను మరిచిపోదు."

"మాట కప్పుకుని వణుకు ఇక," అని జయకేతు వెనకనుంచి నవ్వాడు.

ఆ పై మలుపులో దారికి అడ్డంగా పులి కూర్చుని ఉంది. "మిమ్మల్ని తినాల్సిందే. కానీ చలికి కొట్టుకుని కొట్టుకుని పళ్లు కదిలిపోయాయి. మెత్తనిదేమైనా ఉందా?" అంది. జయకేతు అరిసెల సంచి మూతి బిగించుకున్నాడు. పైడి చిలగడదుంప విసిరింది. పులి అది మింగి, గాలి వచ్చే వైపున ఆమె పక్కనే కొంత దూరం నడిచింది. ఆ కాస్త దూరం పైడికి ఊపిరి ఆడింది.

తరువాత రాళ్లు కనిపించాయి. వాటిలో ఒకటి చెయ్యి చాచి ఉంది. "వస్తన్నానయ్యా," అంది పైడి, ఆగకుండానే.

గంట కనబడేసరికి ఆమె వేళ్లు కొయ్యబారిపోయాయి. అప్పుడు జయకేతు చాటునుంచి బయటికి వచ్చాడు. దారంతా దాచుకున్న బలంతో ఆమెను దాటి వెళ్లి గంట కొట్టాడు.

"మా కోట మీద ఇక ఎన్నడూ వాన పడకూడదు," అన్నాడు.

"మాటిచ్చావు," అంది పైడి.

"చలిలో మనిషి ఏవేవో అంటాడు." అతను వెనుదిరిగి చూడకుండా దిగిపోయాడు. దూరంగా కోట మీద మాత్రం మబ్బు విచ్చుకుంది.

పైడి గంట స్తంభం దగ్గర కూలబడింది. ఈదరుడు వంగి చూశాడు. "ఏడవకు. ఇక్కడ తడి చాలదా? కింది నుంచి నన్ను మోసిందెవరో నాకు తెలుసు. గంట కోరిక తీరిపోయింది, నేను దిగను. మోసినందుకు ఒక్క రాయిని తీసుకుపో."

"ఒక్కటేనా? మా వీధివాళ్లంతా ఉన్నారు."

"ఒక్కటే. దిగేటప్పుడు కాలు ఆన్చినా భయం లేదు."

పైడి ఒక్కొక్క రాయినీ అరచేత్తో తాకుతూ పోయి, చాచిన చేతిని పట్టుకుంది. సింహాద్రి కళ్లు తెరిచాడు. మోకాళ్ల కింద మాత్రం రాతి బిగువు పోలేదు.

"అప్పలకొండ పడిపోయాడేటి?" అన్నాడు ముందుగా.

"పక్కనే ఉన్నాడయ్యా."

అతను ఆ రాయి మీద చెయ్యి వేశాడు. "మరి వీడు?"

పైడి బండి దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని బండి నడిపించుకుంటూ దిగింది. బండ దగ్గర ముని గొంగడి తిరిగి ఇచ్చి, "కాస్త వెచ్చబెట్టాను," అన్నాడు.

కోటలో ఎండ, మేళాలు. కొండను గెలిచిన వీరుడని జయకేతుకి పట్టాభిషేకం చేస్తున్నారు. వీధిలో వాన అలాగే ఉంది. అప్పలకొండ పెళ్లాం పోలమ్మ కుంపటి తెచ్చి సింహాద్రి కాళ్ల దగ్గర పెట్టింది. "బాగున్నావా అన్నయ్యా?" అంది. బొగ్గులు ఎగదోసి లేచింది.

ఆమె వెళ్లాక సింహాద్రి అన్నాడు: "వచ్చే ఏడు వీధంతా వరస కట్టి పోవాల. గాలి ఎలా మొయ్యాలో నేను నేర్పుతాను. మనవాళ్లు వంతు తప్పరు." పైడి తల ఊపింది. తండ్రి పక్కనే కూర్చుని నిద్రలోకి జారిపోయింది.

గంగాలు తలుపు దగ్గరికి వెళ్లింది. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. పోలమ్మ ఇంటి తలుపూ తెరిచే ఉంది. గంగాలు, కిర్రుమన్న చప్పుడు పక్కింటికి వినపడకుండా, తమ తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని మెల్లగా మూసింది.