అడగకుండా ఆపేసిన అక్క

"అతను ఫోన్ చేస్తే నేను ఇంట్లో లేనని ఎందుకు చెప్పావక్కా?" పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలదీసింది చెల్లెలు.

"ముక్కూమొహం తెలియనివాడితో నీకేం మాటలే?" గిన్నెలు తోముతూనే అంది అక్క.

చెల్లెలు టిఫిను ముట్టకుండా విసవిసా వెళ్లిపోయింది.

అమ్మ పోయినప్పటి నుంచి ఆమెను రెక్కల కింద దాచి పెంచింది అక్కే. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే ఆసుపత్రిలో ఉద్యోగం. చెల్లెలు మందుల విభాగంలో. అక్క ఆసుపత్రి రికార్డులుండే డేటాబేస్ చూస్తుంది. లాగిన్ అయినవాళ్లలో ఎవరి సెషన్ ప్రాసెసర్‌ని ఎంత వాడుతోందో కనిపెట్టి ఉండటం ఆమె పని.

ఆ రోజు ఆమెకు కాలూచెయ్యీ ఆడలేదు. వెళ్లీ వెళ్లగానే ఫోన్ల మోత. "మేడమ్, అత్యవసర వార్డులో ఒక్క కంప్యూటరూ కదలడం లేదు!"

తెర చూస్తే రికార్డుల్లో ఏదో వెతికే ఒకే ఒక్క క్వెరీ ప్రాసెసర్‌నంతా మింగేస్తోంది. పక్కన చెల్లెలి పేరు. ఫోన్ చేసింది. ఎత్తలేదు. 'ఇంట్లో అలక ఇక్కడా చూపిస్తోందా!' ఒళ్లు మండి ఆ సెషన్ ఆపేసింది. వార్డు తేరుకుంది.

కాసేపటికే చెల్లెలు రొప్పుతూ వచ్చింది.

"నా క్వెరీ ఎందుకు ఆపావ్?"

"వార్డంతా స్తంభించిపోతే చూస్తూ కూర్చోనా? ఫోనైనా ఎత్తావా?"

"మందుల కంపెనీవాళ్లతో మాట్లాడుతున్నానక్కా! గుండెమందులో ఒక బ్యాచ్ పాడైందట. ఎవరెవరు తీసుకెళ్లారో వెతుకుతుంటే ఆపేశావ్. ఎంత వాడుతోందో చూశావు గానీ, ఎందుకోసమో కనుక్కున్నావా? ఇంట్లోనూ ఇంతే నువ్వు!"

అక్క ముఖం పాలిపోయింది. పక్కకు కుర్చీ లాగింది. "కూర్చో. ఏం కావాలో చెప్పు."

ఏళ్లనాటి రికార్డులన్నీ జల్లెడ పట్టేలా రాసి ఉంది ఆ క్వెరీ. బ్యాచ్ వచ్చిన రోజు నుంచే వెతికేలా మార్చింది అక్క. చిటికెలో పేర్లు వచ్చాయి.

చెల్లెలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అందరూ పలికారు, ఒక్క ముసలాయన తప్ప. మళ్లీ చేసింది. మళ్లీ. అక్క కొంగు నలుపుతూ నిలబడింది. చివరికి అవతల ముసలాయన గొంతు పలికింది.

"చెప్పమ్మా... మాత్ర వేసుకుందామని ఇప్పుడే నీళ్లు తెచ్చుకున్నా."

"వద్దు తాతగారూ! కింద పెట్టేయండి!"

ఫోన్ పెట్టేసి చెల్లెలు ఏడ్చేసింది. అక్క ఆమెను గుండెకు హత్తుకుంది. తన కళ్లూ తడిశాయి.

"నీకు ముందే చెప్పి మొదలుపెట్టాల్సిందక్కా."

"నేనూ ఒక్క మాట కనుక్కున్నాకే ఆపాల్సింది..." చెల్లెలి కళ్లు తుడిచింది అక్క. "ఇంతకీ ఆ అబ్బాయి ఎలాంటివాడే?"

చెల్లెలు ఏడుస్తూనే నవ్వేసి, చెప్పడం మొదలుపెట్టింది.